కరగని అర్జీ

హైమావతి ఆ రోజు చేసిన తప్పల్లా అర్థమయ్యేలా చెప్పడం.

నాగావళి జిల్లా ప్రజా వినతుల పరిష్కార కేంద్రంలో ఆమె కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఆరేళ్లుగా అదే కుర్చీ, తిరిగేటప్పుడు కటకటలాడే అదే ఫ్యాను, ఏటా మార్చి నెలాఖరున అదే భయం. కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి చక్రధరరావుగారు, సిబ్బందిలో వారానికొకరు చొప్పున నవీన విజ్ఞానం మీద పావుగంట ప్రసంగించాలని ఉత్తర్వు వేశారు. మొదటి వారం సూపరింటెండెంటు లక్ష్మణమూర్తిగారు ఫైలుకు తాడు కట్టే విధానాల మీద మాట్లాడి గండం గట్టెక్కారు. రెండో వారం హైమావతి వంతు వచ్చింది.

ఆమె పాపం తనకు ఇష్టమైన విషయం ఎంచుకుంది. కాలేజీలో చదివిన వాటిలో ఇన్నేళ్లయినా మరిచిపోలేనిది అదొక్కటే.

"మామూలు ప్రోగ్రాముకి వరస కావాలండీ. ముందు ఇది చెయ్యి, తరవాత అది చెయ్యి అని చెప్పాలి. రసాయన పద్ధతిలో వరస ఉండదు. సమాచారమంతా ఒక పాత్రలో పోసేశామనుకోండి. ఏ రెండు కలిస్తే ఏమవుతుందో సూత్రం రాస్తాం, అంతే. ఎవరు ఎవరిని ముందు కలుస్తారో మనకి అనవసరం. ఒకేసారి వంద చోట్ల వంద జంటలు కలవచ్చు. ఇక కలవడానికేమీ లేనప్పుడు పాత్ర నిలకడకొస్తుంది. అందులో మిగిలిందే జవాబు."

తెర మీద వెయ్యి అంకెలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి. రెండు అంకెలు తగిలినప్పుడల్లా చిన్నది మాయమవుతోంది. నిమిషం తిరగకుండా తెర ఖాళీ అయి, నడిమధ్యన వెయ్యి ఒక్కటే నిలిచింది.

"అన్నిట్లోకీ పెద్దదేదో తేలింది కదండీ. మనం వరసగా వెతకలేదు," అంది హైమావతి.

హాల్లో సగం మంది ఆవలిస్తున్నారు. చక్రధరరావుగారు మాత్రం లేచి నిలబడ్డారు.

"మిగతావి ఏమయ్యాయి?"

"పోయాయి సార్."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు సార్. రెండు కలిసి ఒకటైనప్పుడు..."

"వాటి దగ్గర్నుంచి ఏమైనా అభ్యంతరాలు వచ్చాయా?"

"అంకెలండీ అవి," అంది హైమావతి.

చక్రధరరావుగారు కూర్చున్నారు. ఆమె చూపించింది పెద్ద అంకె దొరకడం. ఆయన చూసింది తొమ్మిది వందల తొంభై తొమ్మిది అంకెలు కిక్కురుమనకుండా పోవడం. అప్పటికి ఆ కేంద్రంలో పెండింగులో ఉన్న అర్జీలు నలభై ఒక్క వేల మూడు వందల పన్నెండు. రథసప్తమి నాటికి ఆ సంఖ్య సున్నా కావాలని రాజధాని నుంచి తాఖీదు వచ్చి పది రోజులైంది.

మూడో రోజున మెమో వెలువడింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, వినతులను ఒకదాని వెంట ఒకటిగా పరిశీలించు వలస పాలన కాలపు పద్ధతి నేటి నుండి రద్దు కావించబడినది. ఇకపై వినతులన్నియు ఒకే ద్రావణముగా పరిగణింపబడును. అవి పరస్పర చర్య ద్వారా తమంతట తామే పరిష్కారము పొందును. సిబ్బంది ఉత్ప్రేరకములుగా వ్యవహరించవలెను. ఉత్ప్రేరకము చర్యలో పాల్గొనును గాని తాను ఎట్టి మార్పునకు లోనుకాదు."

లక్ష్మణమూర్తిగారు మెమో రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసులో నా ఉద్యోగం గురించి ఇంత సరిగ్గా ఎవరూ రాయలేదమ్మా," అన్నారు.

సూత్రాలు రాయడానికి సంఘం కూర్చుంది. సంఘమంటే చక్రధరరావుగారు, ఆయన చెప్పింది రాసుకోవడానికి లక్ష్మణమూర్తిగారు, రాసింది కంప్యూటరులో పెట్టడానికి హైమావతి. మధ్యాహ్నం రెండున్నరకి మొదలై టీ వచ్చేసరికి పూర్తయింది. మొత్తం మూడు సూత్రాలు.

మొదటిది: ఒకే ఊరు, ఒకే పేరు గల రెండు వినతులు కలిసినచో ఒకటగును, వివరములు సమ్మేళనము చెందును. రెండవది: ఒకటి ఏదేని తొలగించమని, మరొకటి ఏదేని ఏర్పాటు చేయమని కోరినచో, రెండును తటస్థీకరింపబడి శూన్యమగును. మూడవది: రెండును తొలగించమనియే గాని, రెండును ఏర్పాటు చేయమనియే గాని కోరినచో, పేజీలు ఎక్కువ గలది తక్కువ గలదానిని తనలో కలుపుకొనును.

హైమావతి పెన్ను కింద పెట్టింది. "సార్, మొదటి సూత్రంతో చిక్కొస్తుందండీ. ఈ జిల్లాలో ఊరికి పాతికమంది అప్పలనాయుళ్లు, ముప్ఫైమంది సింహాచలాలు ఉంటారు. ఈ పద్ధతిలో ఒకే రకం రెండుంటే రెండుగానే లెక్క పెట్టాలి. ఒక పేరున్నవాళ్లంతా ఒక మనిషి కాదు కదండీ."

"మనం మనుషుల్ని కలపడం లేదమ్మా, వినతుల్ని కలుపుతున్నాం."

"వినతి కిందే మనిషి పేరుంటుంది సార్. ఆ పేరుని పట్టుకునే మిగతా శాఖల రికార్డులు మారతాయి."

"సమన్వయం," అన్నారు చక్రధరరావుగారు తృప్తిగా.

"రెండో సూత్రం సార్. ఒకాయన సారా దుకాణం తీసెయ్యమంటాడు. ఇంకొకావిడ అంగన్‌వాడీలో తూకం యంత్రం పెట్టమంటుంది. ఈ రెండూ కలిస్తే శూన్యం ఎందుకవుతుంది?"

"ఆమ్లం, క్షారం కలిస్తే ఏమవుతుంది?"

"ఉప్పు, నీళ్లూ అవుతాయి సార్. అక్కడా ఏదో మిగులుతుంది."

చక్రధరరావుగారు ఆమె వైపు జాలిగా చూశారు. "హైమావతిగారూ, సైన్సుని అక్షరాలా తీసుకోకూడదు. స్ఫూర్తి తీసుకోవాలి. ఈ పథకం మీ ప్రసంగం లోంచే పుట్టింది. ఇనాగరేషన్ కార్డు మీద మీ పేరు కూడా వేయిస్తున్నాం. కాంట్రాక్టు రెన్యూవల్ ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది."

రెండు విషయాలూ ఒకే గొంతుతో చెప్పారాయన. ఆమె మూడు సూత్రాలూ కంప్యూటరులో పెట్టింది. ఇంటికెళ్లాక భర్త ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

సోమవారం పొద్దున్న పదిన్నరకి కొబ్బరికాయ కొట్టి మీట నొక్కారు. గోడ మీద బిగించిన పెద్ద తెరలో, తొలగించమన్నవి ఎరుపు, ఏర్పాటు చెయ్యమన్నవి ఆకుపచ్చ, నలభై ఒక్క వేల చుక్కలు ఈదడం మొదలుపెట్టాయి. భోజనాల వేళకి ఇరవై తొమ్మిది వేలు. సాయంత్రానికి పదిహేడు. సిబ్బంది కుర్చీలు వెనక్కి వాల్చి క్రికెట్ చూసినట్టు చూశారు. ఒక్కో చుక్క పోయినప్పుడల్లా ఎక్కడో ఒక ఊళ్లో ఒక ఫోను మోగి సందేశం వెళ్లేది: "మీ వినతి సంపూర్ణముగా పరిష్కరింపబడినది. మీ సంతృప్తికి మా కృతజ్ఞతలు."

వారం గడిచేసరికి పరిష్కారాలు చేరాల్సినవాళ్లకి చేరాయి. గేదెకి కుంటు వచ్చింది, పశువుల డాక్టరును పంపమని రాసిన రైతుకీ, తనకి కంట్లో శుక్లం ఉంది, ఆపరేషనుకు చీటీ ఇవ్వమని రాసిన అదే పేరు రైతుకీ కలిపి, గేదెకి శుక్లం ఆపరేషను మంజూరైంది. డాక్టరుగారు ఉత్తర్వు ప్రకారం వచ్చి గేదె కళ్లు చూసి బాగున్నాయని రాసి వెళ్లారు. ఆవు తప్పిపోయిందని అర్జీ పెట్టిన ఆయనకి ఆవు దొరకలేదు సరిగదా, రేషను జాబితాలో ఆయన పేరే తప్పిపోయింది.

పెండింగు పదిహేడు వేల నుంచి రెండు వేలకి, అక్కడి నుంచి మూడు వందలకి దిగింది. చుట్టుపక్కల జిల్లాల అధికారులు చూసి పోవడానికి వచ్చారు. చక్రధరరావుగారు వాళ్లకి తెర చూపించి, "ఇక్కడ మనం పని చెయ్యడం లేదు. పని జరుగుతోంది, అది కూడా ఎవరూ చెయ్యకుండా," అని వివరించేవారు. వాళ్లు రాసుకునేవారు.

ఆ దశలో ఒక బుధవారం పొద్దున్న, కిటికీ దగ్గర ఒకామె నిలబడి హైమావతిని పేరు పెట్టి అడిగింది. నలభై అయిదేళ్లుంటాయి. పాదాలు బాగా వాచి ఉన్నాయి. ఎడమ ముంజేతి మీద సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులా లేచి ఉంది.

"కంపూటరమ్మవి నువ్వేనేటమ్మా? నన్ను ఆస్పత్రోళ్లు నీ కాడికెల్లమన్నారు."

"ఏ ఊరమ్మా మీది? పేరేమిటి?"

"ఎర్రగెడ్డవలస. గేదెల సింహాచలం. నాను సచ్చిపోనానంట."

హైమావతి ఆ పేరు కొట్టి చూసింది.

సంగతి రెండు నిమిషాల్లో తేలింది. ఎర్రగెడ్డవలసలో గేదెల సింహాచలాలు ఇద్దరు. ఒకామె భర్త వైశాఖంలో పోయాడు. ఆయన మరణం నమోదు చెయ్యమని అర్జీ పెట్టుకుంది. రెండో ఆమెకి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి జిల్లా ఆస్పత్రి దాకా బస్సులో వస్తోంది. ఆ చికిత్స ఊరి దగ్గరి ఆస్పత్రికి మార్చమని ఆమె అర్జీ. రెండు అర్జీలూ పాత్రలో తగులుకున్నాయి. వివరాలు సమ్మేళనం చెందాయి. గేదెల సింహాచలం మరణం నమోదైంది. ఈ రెండో ఆమె ఆరోగ్య కార్డు అదే రోజు సాయంత్రం రద్దయింది.

"ఆ సింహాచలం మా పిన్నత్త కూతురేనమ్మా," అంది ఆమె. "దాని మొగుడు కాగితాల్లో బతికే ఉన్నాడంట. దానికీ ఏడుపే, నాకూ ఏడుపే. ఆస్పత్రిలో నర్సమ్మ మంచిది, పాపం. రెండుసార్లు ఊరకనే మిసనుకి కట్టింది. ఈ శనివారం దాకా సూస్తానంది. ఆ తరవాత పేరు నేకుండా కట్టనేమంది. బతికున్నానని కాగితం ఇప్పించు తల్లీ."

"కూర్చోండి," అంది హైమావతి. తను రాసిన సూత్రం తన ఎదుట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంటోంది.

రికార్డు తెరిచి పేరు మార్చబోయింది. తెర ఒప్పుకోలేదు. మార్పు కావాలంటే అర్జీ ఉండాలి. సరే అని అక్కడికక్కడే అర్జీ తయారుచేసింది: మరణ నమోదు పొరపాటు, గేదెల సింహాచలం పేరును సజీవుల జాబితాలో తిరిగి ఏర్పాటు చేయగలరు. సింహాచలం వేలిముద్ర వేసింది. అర్జీ పాత్రలో పడింది. ఆకుపచ్చ చుక్క ఒక్కటి అటు ఈది, కుక్కల బెడద తొలగించమని ఎవరో పెట్టిన ఎర్రచుక్కకి తగిలింది. రెండూ పోయాయి. సింహాచలం కొంగుముడిలో ఫోను మోగింది. ఆమె తీసి హైమావతికి ఇచ్చింది.

"ఏటంటాంది?"

"మీ సంతృప్తికి కృతజ్ఞతలంటోంది," అంది హైమావతి.

ఇంకోసారి పెట్టింది. అది చెత్తకుప్ప తొలగించమన్నదానితో పోయింది. మూడోసారి పెట్టింది. అది కల్లు దుకాణంతో పోయింది. చక్రధరరావుగారు గదిలోంచి బయటికొచ్చి, పెండింగు మూడు తగ్గినందుకు ఆమె భుజం తట్టబోయి, ఆగి, చేతులు రెండూ జోడించారు.

హైమావతి ఆయన వెంటే గదిలోకి నడిచింది. అంతా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. వినడంలో ఆయనకి మంచి పేరుంది.

"విచారకరం," అన్నారు. "కాని చర్య జరిగిపోయింది. విరిగిన పాలు మళ్లీ పాలవుతాయా? మన మోడల్‌కి మూలాధారమే అది."

"పాలు కాదు సార్, రికార్డు. మీరొక కాగితం మీద సంతకం పెడితే చాలు. పొరపాటు సవరణ అని. ఆవిడ బయటే కూర్చుంది, మీరే చూడొచ్చు."

"నేను చూస్తే అది వ్యక్తిగత పరిశీలన అవుతుంది. వ్యక్తిగత పరిశీలనను మనమే రద్దు చేశాం. ఒక్కరి కోసం పాత్రలో చెయ్యి పెడితే ద్రావణం కలుషితమవుతుంది. రేపు నలభై ఒక్క వేల మందీ బయట కూర్చుంటారు."

"శనివారం తరవాత ఆవిడ కూర్చోలేదు సార్."

ఆయన గడియారం చూసుకున్నారు. "శనివారమేనమ్మా రథసప్తమి. మంత్రిగారు వస్తున్నారు. ఆ హడావిడి అయ్యాక ఒక సంఘం వేద్దాం."

గురువారం మధ్యాహ్నానికి పెండింగు పదకొండు. శుక్రవారం పొద్దున్నకి ఒకటి.

ఆ ఒక్కటి మాత్రం కదలలేదు.

అది రిటైర్డు తెలుగు పండితులు సువ్వారి రామదాసుగారిది. వారి వీధి నడిమధ్యన ఒక పాత కరెంటు స్తంభం ఉంది. దానికి తీగ లేదు, దీపం లేదు. పద్దెనిమిదేళ్ల నుంచి ఊరేగింపులకీ, శవయాత్రలకీ, పెళ్లి కార్లకీ అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని తొలగించమని పండితులవారు ఎనభై ఆరు పేజీల అర్జీ పెట్టారు. అందులో ముప్ఫై పేజీలు సీస పద్యాలు. స్తంభాన్ని సంబోధిస్తూ ఒక దండకం కూడా ఉంది. మూడో సూత్రం ప్రకారం అంత పొడుగు అర్జీకి ఎదురు లేకపోయింది. తొలగించమని జిల్లాలో ఎవరేమి రాసినా దాని కడుపులోకే పోయింది. ఏర్పాటు చెయ్యమన్నవన్నీ దీనికి తగలకముందే తక్కిన వాటితో కలిసి శూన్యమైపోయాయి. ఇప్పుడు ఖాళీ తెర మీద ఒకే ఒక్క ఎర్రచుక్క, కలిసేందుకు తోడు లేక, తీరుబడిగా ఈదుతోంది.

"రెండుంటేనే చర్య జరుగుతుంది సార్," అంది హైమావతి. "ఒక్కటి తనలో తను కరగదు."

చక్రధరరావుగారి నుదుటి మీద మొదటిసారి చెమట కనిపించింది. రేపు మంత్రిగారు మీట నొక్కే వేళకి తెర మీద సున్నా ఉండాలి. ఒకటి ఉందంటే పెండింగు ఉన్నట్టే.

"స్తంభం తీసేస్తే సరిపోతుంది కదండీ," అన్నారు లక్ష్మణమూర్తిగారు మెల్లగా. "నలుగురు మనుషులు, ఒక గునపం చాలు."

"అది మోడల్ వెలుపలి పరిష్కారం," అన్నారు చక్రధరరావుగారు. "ఒక స్తంభాన్ని గునపంతో తీశామని తెలిస్తే మన పద్ధతికి విలువేముంటుంది? ఒక కొత్త వినతి కావాలి. ఏదైనా ఏర్పాటు చెయ్యమని అడిగేది. ఒకే ఒక్కటి. రాజధాని నుంచి వచ్చే పరిశీలకుల ఎదుట, నిజమైన పౌరుడు వేలిముద్ర వేసి ఇవ్వాలి. మంత్రిగారి సమక్షంలో అది దీంతో కలుస్తుంది, రెండూ పోతాయి, సున్నా. చప్పట్లు. తీసుకురండి ఒక వినతిని."

జిల్లాలో వినతికి కరువొస్తుందని ఎవరూ అనుకోలేదు. మూడు జీపులు మూడు దిక్కులకి వెళ్లాయి. ముప్ఫై ఏళ్లుగా అర్జీదారులు వస్తున్నారంటే కాఫీకి వెళ్లిపోయే గుమాస్తాలు ఊరూరా తిరిగి, ఏమైనా కావాలా అని గుమ్మాల దగ్గర అడిగారు. జనం తలుపులు వేసుకున్నారు. ఒక ఊళ్లో ముసలాయన రెండు చేతులూ జోడించి, "నాకేటీ అక్కర్నేదు బాబూ. ఉన్న పేరు ఉంటే సాలు," అన్నాడు. ఇంకో ఊళ్లో ఎండిపోయిన బోరు పక్కనే నిలబడి ఆడవాళ్లు, తమ ఊరికి నీళ్లు చాలా బాగున్నాయనీ, దయచేసి వెళ్లమనీ చెప్పారు. రోడ్డు లేని ఊళ్లో, రోడ్డు లేకపోవడం వల్లే జీపులు రావడం లేదనీ, ఇలాగే ఉండనివ్వమనీ బతిమాలారు. లక్ష్మణమూర్తిగారు ఒక కల్లు దుకాణం ముందు మధ్యాహ్నమంతా కూర్చుని, ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

"ఒక్కడూ దొరకలేదండీ," అన్నారు. "జిల్లా అంతా సంతృప్తిగా ఉంది."

సాయంత్రం అయిదు గంటలకి చక్రధరరావుగారు కుర్చీలో కూలబడి ఉండగా హైమావతి లోపలికొచ్చింది. చేతిలో ఒక కాగితం ఉంది. పొద్దున్నుంచీ ఆమె ఆలోచించింది ఒకటే. అర్జీ పాత్రలో పడితే పోతుంది, సరే. పడకముందు మాత్రం దానికి విలువ ఉంది. ఇవాళ జిల్లా మొత్తం మీద విలువ ఉన్న అర్జీ అదొక్కటే.

"నా దగ్గరొక వినతి ఉంది సార్. ఏర్పాటు చెయ్యమని. నిజమైన పౌరురాలు, వేలిముద్ర వేస్తుంది."

ఆయన లేచి నిలబడ్డారు. "ఎవరావిడ?"

"చనిపోయినావిడ సార్."

కాగితం మీది పేరు చూసి ఆయన మళ్లీ కూర్చున్నారు. "చనిపోయిన మనిషి వేలిముద్ర ఎలా చెల్లుతుంది?"

"చెల్లదు సార్. పరిశీలకులు కార్డు సంఖ్య కొట్టి చూస్తారు. మరణించినట్టు వస్తుంది. మంత్రిగారు పక్కనే ఉంటారు. అందుకని ముందు ఆవిడ బతకాలి. పేరు తిరిగి నమోదు చేస్తూ మీరు సంతకం పెట్టిన ఉత్తర్వు, ఆరోగ్య కార్డు పునరుద్ధరణ, చికిత్స ఊరి దగ్గరి ఆస్పత్రికి మార్పు. వాళ్ల పిన్నత్త కూతురు భర్త మరణం సరిగా నమోదు. ఈ నాలుగూ అయ్యాక ఆవిడ వినతి ఇస్తుంది."

"పని అయిపోయాక వినతి దేనికి?"

"పని కోసం కాదు కదండీ మనకి కావలసింది," అంది హైమావతి.

ఆయన తలుపులోంచి హాల్లోకి చూశారు. తెర మీద పండితులవారి స్తంభం ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఈదింది.

"ఇది బెదిరింపు," అన్నారాయన.

"ఉత్ప్రేరకం సార్," అన్నారు గుమ్మం దగ్గర నిలబడ్డ లక్ష్మణమూర్తిగారు. ముప్ఫై ఒక్కేళ్లలో ఆయన అధికారి మాటని దిద్దడం అదే మొదలు. అన్నాక ఆయనే కంగారుపడి, అలమారలోంచి పాత రకం ఉత్తర్వుల కాగితం ఒకటి తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టారు.

చక్రధరరావుగారు పెన్ను మూత తీశారు. నాలుగు సంతకాలు, నాలుగు ముద్రలు. ఆస్పత్రికి ఒక ఫోను. మొత్తం పది నిమిషాలు పట్టింది. లక్ష్మణమూర్తిగారు గోడ గడియారం చూసి మరీ చెప్పారు. మెమోలు, కొబ్బరికాయ, తెర, మూడు సూత్రాలు, మూడు జీపులు ఇవన్నీ ఆ పది నిమిషాలు తప్పించుకోవడానికి చేసిన ఏర్పాట్లని హైమావతికి అప్పుడు తెలిసింది. తెలిసినా సంతోషం కలగలేదు. అందులో తన చెయ్యి కూడా ఉంది.

శనివారం పొద్దున్న ఏడింటికి సింహాచలానికి ఆస్పత్రిలో పేరుతో సహా మిషను కట్టారు. మధ్యాహ్నం మూడింటికి ఆమె షామియానా కింద మొదటి వరసలో కూర్చుంది. రక్తం శుభ్రమైన రోజు ఆమెకి నీరసంగా ఉంటుంది. అయినా వస్తానంది. "మాటిచ్చినాను గదమ్మా," అంది హైమావతితో. "ఆళ్లు ఇచ్చిన మాట నేకపోతే పోనీ, నాది ఉండాల."

మంత్రిగారు మాట్లాడారు. పాలనలో విజ్ఞానం ఎంత ముఖ్యమో చెప్పారు. చక్రధరరావుగారు మాట్లాడారు. నలభై ఒక్క వేల కుటుంబాల కన్నీళ్లు ఎలా ఆవిరయ్యాయో వివరించారు. తరవాత సింహాచలాన్ని వేదిక మీదికి పిలిచారు.

"అమ్మా, మీకు ఏం కావాలి?" అన్నారు మంత్రిగారు మైకులో, ప్రేమగా.

ఆమె హైమావతి వైపు చూసింది. మళ్లీ మంత్రిగారి వైపు చూసింది. "నాకేటీ అక్కర్నేదు బాబూ. నా పని అయిపోనాది. ఈ కాగితం ఈళ్లకి కావాలంట. ఇచ్చి పోదామని వచ్చినాను."

జనం నవ్వారు. ఎందుకో తెలియకుండానే మంత్రిగారు కూడా నవ్వారు. ఆమె వేలిముద్ర వేసింది. ఆకుపచ్చ చుక్క పుట్టింది, ఈదింది, ఎర్రచుక్కకి తగిలింది. తెర ఖాళీ అయింది. సున్నా వెలిగింది. చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. వెనక వరసలో తెల్లటి ఉత్తరీయం వేసుకున్న ఒక పెద్దాయన మాత్రం లేచి నిలబడి, "అయ్యా, నా స్తంభం?" అని అడిగారు. రామదాసుగారి ఫోను అప్పటికే మోగింది. ఆయన సంతృప్తికి కృతజ్ఞతలు చెప్పింది.

మూడు రోజులకి చక్రధరరావుగారికి రాజధానికి బదిలీ అయింది. పదమూడు జిల్లాలనీ ఒకే పాత్రలో పొయ్యడానికి. వెళ్లే ముందు ఆయన హైమావతి కాంట్రాక్టు ఫైలు మీద రాసి వెళ్లారు: "పెండింగు లేనందున ప్రోగ్రామరు అవసరము లేదు." మార్చి నెలాఖరు దాకా మాత్రం ఆమె ఉండాలి. నోటీసు నియమం.

తరువాతి సోమవారం ఆమె ఆఫీసుకి వచ్చేసరికి గేటు మూసి ఉంది. గేటు బయట రోడ్డు మలుపు దాకా జనం ఉన్నారు. మూడు నాలుగు వందల మంది ఉంటారు. ఎవరి చేతిలోనూ కాగితం లేదు. లక్ష్మణమూర్తిగారు కడ్డీల వెనక నిలబడి ఏమీ తోచక అందరికీ నమస్కారాలు పెడుతున్నారు. ముందు వరసలో, ఆవు తప్పిపోయినాయన గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఏమిటండీ?" అంది హైమావతి.

"అర్జీ రాసుకుంటారా అంటే వద్దంటున్నారమ్మా, తెచ్చారా అంటే లేదంటున్నారు," అన్నారు లక్ష్మణమూర్తిగారు. "ఎర్రగెడ్డవలస ఆవిడ ఊరంతా చెప్పిందిట, ఇక్కడ ముందు పని చేసి తరవాత అర్జీ తీసుకుంటారని."

ఆవు మనిషి గేటు కడ్డీ పట్టుకున్నాడు. "అవునమ్మా. ముందు నా పేరు ఎక్కించండి. ఆవు సంగతి తరవాత సూద్దాం. అయ్యాక ఎన్ని అర్జీలు కావాలంటే అన్ని రాసిస్తాను. మా ఊరోళ్ల సేత కూడా రాయిస్తాను."

లక్ష్మణమూర్తిగారు హైమావతి వైపు చూశారు. లోపల గోడ మీద తెర వెలుగుతూనే ఉంది. అందులో సున్నా ఉంది. గేటు బయట ఉన్నవాళ్లెవరూ అందులో లేరు. కొత్త ప్రత్యేకాధికారి ఇంకా రాలేదు. అప్పటిదాకా సంతకం పెట్టే అధికారం సూపరింటెండెంటుదే.

"మూర్తిగారూ, మీ దగ్గర ఆ పాత ఉత్తర్వుల కాగితాలు ఇంకెన్ని ఉన్నాయి?" అంది హైమావతి.

"ఒక బీరువా నిండా ఉన్నాయమ్మా. పారెయ్యమన్నారు. నేను పారెయ్యలేదు."

"పెన్ను?"

ఆయన చొక్కా జేబు తడుముకుని, కనపడక, మళ్లీ తడుముకుని, చెవి మీంచి తీశారు. ఆమె గేటు గడియ ఎత్తింది.

"తోసుకోకండి," అంది. "ఒకరి తరవాత ఒకరు రండి."